కాలేయం స్కాన్‌లో ఏం చూస్తాం, ఏం కొలుస్తాం

(చెన్నై టి.నగర్‌లో తెలుగువారి సభలో ఒక రేడియాలజిస్టు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఈ ఎండల్లో, ఈ ట్రాఫిక్‌లో ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం.

మీలో చాలామంది ఇళ్ళలో మాస్టర్ హెల్త్ చెకప్ ఫైలు ఒకటి ఉండే ఉంటుంది. రక్తపరీక్షలు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే అయ్యాక పొట్ట స్కానింగ్ రిపోర్టు ఒక పేజీ వస్తుంది. ఆ పేజీ అడుగున ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని రాసి ఉంటుంది. ఆ వాక్యం చదివాక మనవాళ్ళు రెండు దారులు పడతారు. కొందరు ‘ఈ రోజుల్లో అందరికీ ఉండేదేగా’ అని ఫైలు బీరువాలో పెట్టేస్తారు. కొందరికి ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాటి నుంచి ఇంట్లో నూనె బంద్, ఏవేవో కషాయాలు మొదలు. నేను చూసినంతలో మొదటి రకంవాళ్ళలో భయపడాల్సినవాళ్ళుంటారు, రెండో రకంవాళ్ళలో నిశ్చింతగా ఉండదగ్గవాళ్ళుంటారు. ఎవరు ఏ రకమో ఆ ఒక్క వాక్యం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు, మరి ఏది చెబుతుంది అన్నదే ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది. నా పరిశోధనంతా కూడా దాని చుట్టూనే.

‘అందరికీ ఉండేదే’ అన్న మాటలో కొంత నిజం ఉంది. మన దేశంలో జరిగిన సర్వేలన్నిటినీ కలిపి 2022లో లెక్కగడితే పెద్దవాళ్ళలో 38 శాతానికి పైగా ఫ్యాటీ లివర్ ఉన్నట్టు తేలింది. అంతకు ముందే, 2021లో, కేంద్ర ప్రభుత్వం దీన్ని షుగరు, బీపీ, కేన్సర్ల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. 2023లో ప్రపంచవ్యాప్తంగా లివర్ డాక్టర్లు కూర్చుని ఈ జబ్బుకి పేరు కూడా మార్చారు. షుగరు, బొజ్జ, కొలెస్టరాల్ లాంటి వాటితో దీనికున్న బంధం పేరులోనే కనబడాలని వాళ్ళ ఉద్దేశం.

కాలేయం సుమారు కిలోన్నర బరువుండే అవయవం. కుడివైపు పక్కటెముకల చాటున ఉంటుంది. దాని పైపొరకి నొప్పి తెలుస్తుంది గాని లోపలి కండకి తెలియదు. లోపల ఇరవై ఏళ్ళు మచ్చ పడుతూ వచ్చినా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. కాళ్ళవాపు, పొట్టలో నీరు, రక్తపు వాంతి లాంటివి కనబడేసరికి చాలా ఆలస్యం అయిపోయి ఉంటుంది. అది నోరు తెరిచి చెప్పదు కాబట్టి మనమే లోపలికి చూడాలి.

పొట్ట లోపలికి శబ్దంతో చూడటాన్ని వాడుకలోకి తెచ్చిన తొలివాళ్ళలో ముఖ్యుడు గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి డాక్టరు. ఓడలకి, బాయిలర్లకి వాడే ఉక్కులో పగుళ్ళు వెతకడానికి ఫ్యాక్టరీల్లో ఒక యంత్రం ఉండేది. 1955లో ఆయన ఆపరేషన్లలో తీసిన గడ్డల్ని కారు డిక్కీలో వేసుకుని ఆ ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి, ఆ యంత్రం కింద పెట్టి చూశాడు. 1958లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. అందులో ఒక రోగి సంగతి ఉంది. కడుపులో కేన్సర్, ఆపరేషన్‌కి కూడా పనికిరాదు అనుకుని వదిలేసిన స్త్రీ. డొనాల్డ్ యంత్రం పెట్టి చూస్తే అది గట్టి గడ్డ కాదు, నీటితిత్తి. ఆపరేషన్ చేసి తీశారు. అది అండాశయం తాలూకు సిస్టు. ఆమె బతికింది. మా వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి నేను మొట్టమొదట చెప్పే కథ ఇదే. స్కాన్ బొమ్మ ఒక మనిషి తలరాతని మార్చగలదని పొట్ట విషయంలో స్పష్టంగా రుజువైంది అక్కడే.

ఇప్పుడు మీరు స్కాన్ సెంటర్లో బల్ల మీద పడుకున్నారనుకోండి. జెల్ రాసి, శబ్దాన్ని పంపి పట్టుకునే ప్రోబ్ కుడి పక్కటెముకల కింద పెట్టి, ఊపిరి బాగా పీల్చి బిగపట్టమంటారు. ఊపిరి పీల్చగానే కాలేయం రెండు మూడు అంగుళాలు కిందికి జారి ఎముకల చాటు నుంచి బయటపడుతుంది. అప్పుడు డాక్టరు తెర మీద రెండు అవయవాల్ని ఒకే చట్రంలోకి తెస్తారు. పైన కాలేయం, దాని వెనక కుడి కిడ్నీ. మామూలుగా రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో ఉంటాయి. కాలేయ కణాల్లో కొవ్వు చుక్కలు చేరితే శబ్దం ఎక్కువ చెదిరి వెనక్కి వస్తుంది, కాలేయం తెల్లబడుతుంది. కిడ్నీ కంటే కాస్త తెలుపైతే గ్రేడ్ 1. లోపలి రక్తనాళాల గోడలు మసకబారితే గ్రేడ్ 2. వెనకాల ఛాతీకి, పొట్టకి మధ్య తెరలా ఉండే డయాఫ్రమ్ గీత కూడా కనబడకపోతే గ్రేడ్ 3.

గమనించారా, ఇందులో కొలిచింది ఏమీ లేదు. ఒక తెలుపుని ఇంకో బూడిదతో పోల్చి చెప్పిన అభిప్రాయం ఇది. యంత్రం మీద వెలుగు పెంచే మీట ఒకటుంటుంది, దాన్ని కొంచెం తిప్పితే గ్రేడ్ మారిపోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి కిడ్నీయే తెల్లబడుతుంది, ఇక దేనితో పోల్చాలి? లావుగా ఉన్నవాళ్ళలో శబ్దం లోపలిదాకా వెళ్ళదు. పైగా కొవ్వు 20, 30 శాతం దాకా పేరుకుంటే గాని ఈ పద్ధతి నమ్మకంగా పట్టుకోలేదు. అందుకే ఆర్నెల్లలో రెండు చోట్ల చేయించుకుంటే ఒక చోట గ్రేడ్ 1, ఇంకో చోట గ్రేడ్ 2 వస్తుంది. ‘డాక్టరుగారూ, పెరిగిపోయిందండీ’ అంటూ కంగారుగా వస్తారు. చాలాసార్లు పెరగనూ లేదు, తగ్గనూ లేదు. చూసిన కళ్ళు మారాయి, అంతే.

అల్ట్రాసౌండ్‌ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. గాల్ బ్లాడర్‌లో రాయికి, పొట్టలో నీటికి, లివర్‌లో చీము గడ్డకి దాన్ని మించింది లేదు. నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట నుంచి పొద్దున్నే రైలెక్కి సెంట్రల్‌లో దిగి, జ్వరంతో, కుడిపక్క నొప్పితో ఒంగిపోయి నడుస్తూ వచ్చేవాళ్ళని ఈ ఊళ్ళో ప్రతి రేడియాలజిస్టూ చూసి ఉంటారు. అమీబా వల్ల వచ్చే గడ్డ అది. మగవాళ్ళలో, అందులోనూ కల్లు, సారా అలవాటున్నవాళ్ళలో ఎక్కువ. తెర మీద సూది మొన వెళ్ళేది చూసుకుంటూ గడ్డలోకి దింపితే చాక్లెట్ రంగు చీము వస్తుంది. చీము తీసి, అమీబాని చంపే మెట్రోనిడజోల్ మందు మొదలుపెట్టాక మర్నాడు ఆ మనిషి నిటారుగా నడిచి వస్తాడు. అది చూసినప్పుడల్లా ఈ వృత్తి ఎంచుకున్నందుకు నాకు గర్వంగా ఉంటుంది.

కానీ కొవ్వు సంగతికొస్తే బొమ్మ చూస్తే చాలదు, అంకె కావాలి. అంకె ఇచ్చే మొదటి యంత్రం సీటీ. దాన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ ఇంజనీరు. ఆయన పనిచేసింది గ్రామఫోన్ రికార్డులకి పేరుపడ్డ ఈఎంఐ కంపెనీలో. 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటి రోగికి తల స్కాన్ తీశారు. 1979లో అలన్ కార్మాక్‌తో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. ఆయన పేరుతో ఒక కొలమానం ఉంది. దాని మీద నీళ్ళు 0, గాలి మైనస్ 1000, కొవ్వు మైనస్ 100 దరిదాపుల్లో. మంచి కాలేయం 55, 65 మధ్య ఉంటుంది. పక్కనున్న ప్లీహం, అదే స్ప్లీన్, దానికంటే సుమారు 10 తక్కువ. కాలేయంలో కొవ్వు కలిసేకొద్దీ అంకె పడిపోతుంది. కాంట్రాస్ట్ మందు, అంటే బొమ్మలో రక్తనాళాలు వెలిగేలా నరంలోకి ఇచ్చే మందు, ఎక్కించకుండా తీసిన సీటీలో కాలేయం 40 కంటే కిందికి దిగిందంటే కొవ్వు ఓ మోస్తరు దాటిందని అర్థం. ఇంకా పడితే బొమ్మ తిరగబడుతుంది. మామూలుగా చుట్టూ ఉన్న కండ కంటే నల్లగా కనబడే రక్తనాళాలు ఇక్కడ తెల్లటి వేళ్ళలా తేలతాయి.

ఇక్కడ మా పని కాస్త చెబుతాను. కిడ్నీలో రాయి నొప్పి వచ్చినవాళ్ళు అర్ధరాత్రి క్యాజువాలిటీకి వస్తారు. వెంటనే మందు లేకుండా ఒక సీటీ తీస్తారు. రిపోర్టులో ‘కుడి యురేటర్ (కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టం) కింది భాగంలో 4 మిల్లీమీటర్ల రాయి’ అని ఉంటుంది. రాయి పడిపోతుంది, మనిషి ఇంటికెళ్ళిపోతాడు, స్కాన్ సర్వర్లో ఉండిపోతుంది. కానీ ఆ స్కాన్‌లో కాలేయం మొత్తం ఉంది! కొవ్వు కొలవడానికి కావలసింది సరిగ్గా మందు లేని సీటీయే. కొత్తగా రేడియేషన్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. అలాంటి పాత స్కాన్లు తెరిచి, రోగి పేరు కనబడకుండా చేసి, కాలేయం అంకె రాసుకుంటూ వెళ్తున్నాం. ఆ తరువాతి ఏళ్ళలో అదే మనిషికి చేసిన రక్తపరీక్షలు ఉంటే వాటిని పక్కన పెట్టి చూస్తున్నాం.

వినడానికి తేలికే. చేసేటప్పుడు ఓపిక కావాలి. తెర మీద చిన్న వలయం గీసి దాని లోపలి సగటు అంకె తీసుకుంటాం. ఆ వలయంలో రక్తనాళం పడకూడదు, కాలేయం అంచు పడకూడదు. గాల్ బ్లాడర్ పక్కన, కాలేయాన్ని పొట్ట గోడకి కట్టి ఉంచే నడిమి బంధకం పక్కన కొవ్వు సహజంగానే హెచ్చుతగ్గులుగా ఉంటుంది, అక్కడ పెట్టకూడదు. కుడివైపు రెండు మూడు చోట్ల, ఎడమవైపు ఒక చోట పెట్టి సగటు తీయాలి. ఎక్స్‌రే ట్యూబు 120 కిలోవోల్టుల మీద నడిచిందా, 100 మీదా అన్నది చూసుకోవాలి, ఎందుకంటే అది మారితే అంకెలు మారతాయి. ఒంట్లో ఇనుము ఎక్కువైతే, గుండె దడకి వాడే అమియోడరోన్ మాత్ర ఏళ్ళ తరబడి మింగితే కాలేయం అంకె పైకెళ్ళి కొవ్వుని దాచేస్తుంది. ఇప్పుడు ఈ వలయాలు గీసే పని కంప్యూటర్ ప్రోగ్రాములు క్షణాల్లో చేసేస్తున్నాయి. మంచిదే. కాకపోతే ఆ మనిషి ఏ మాత్ర మింగుతున్నాడో ప్రోగ్రాముకి ఎవరో ఒకరు చెప్పాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, దయచేసి గుర్తుంచుకోండి. ఫ్యాటీ లివర్ ఉందో లేదో చూడటానికని సీటీ తీయించుకోకండి. వేరే కారణానికి తీసిన సీటీ ఉంటే దాన్ని వాడుకోవాలని మాత్రమే నేనంటున్నది.

కొవ్వుని ఇంకా ఖచ్చితంగా కొలిచేది ఎమ్మారై. నీటిలోని హైడ్రోజన్, కొవ్వులోని హైడ్రోజన్ అయస్కాంతంలో ఒకే వేగంతో తిరగవు. 1.5 టెస్లా బలమున్న అయస్కాంతపు యంత్రంలో సెకనుకి సుమారు 220 చుట్ల తేడా. ఆ తేడాని పట్టుకుని రెండిటినీ విడదీయొచ్చని 1984లో డిక్సన్ చూపించాడు. ఇప్పుడు ఒక్క ఊపిరి బిగపట్టేలోపు కాలేయం మొత్తానికి కొవ్వు శాతం వచ్చేస్తుంది. 5 శాతం దాటితే ఫ్యాటీ లివర్. కొత్త మందుల పరీక్షల్లో ఇదే వాడుతున్నారు. మీకందరికీ ఇది అవసరమా అంటే, అక్కర్లేదు.

ఎందుకు అక్కర్లేదు? కొవ్వు ఎంతుంది అన్నది అసలు ప్రశ్న కాదు కాబట్టి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళని ఏళ్ళ తరబడి వెంబడించి చూసిన పరిశోధనలు మళ్ళీ మళ్ళీ ఒకే సంగతి చెప్పాయి. మనిషి ఆయుష్షుని తేల్చేది కాలేయంలో పడ్డ మచ్చ. దాన్ని ఫైబ్రోసిస్ అంటాం. 20 శాతం కొవ్వున్నా మచ్చ లేని మనిషి ఉంటాడు. కొవ్వు తక్కువగా ఉండి మచ్చ ముదిరిన మనిషీ ఉంటాడు. ఇంకో చిక్కు ఏమిటంటే, మచ్చ ముదిరి, కాలేయమంతా మచ్చలతో బిగుసుకుపోయే సిర్రోసిస్ దాకా వెళ్ళాక కొవ్వు దానంతటదే తగ్గిపోవచ్చు. అప్పుడు గ్రేడ్ 2 ఉన్నది గ్రేడ్ 1 అయింది, బాగుపడిందని ఇంట్లో సంబరపడతారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంబరం అది.

మచ్చని కొలవడానికి ఒకప్పుడు ముక్క తీసి పరీక్ష చేయడమొక్కటే దారి. సూదితో తీసే ఆ ముక్క మొత్తం కాలేయంలో 50 వేలో వంతు. పక్కన ఇంకో చోట తీస్తే ఇంకో ఫలితం రావచ్చు. రక్తస్రావం భయం సరేసరి. ఇప్పుడు గట్టిదనం కొలుస్తున్నాం. వీణ తీగ బిగించేకొద్దీ దానిమీద కదలిక వేగంగా పరుగెత్తుతుంది కదా, మచ్చపడి బిగుసుకున్న కాలేయంలోనూ అంతే. 2003లో పారిస్ నుంచి ఫైబ్రోస్కాన్ అనే యంత్రం వచ్చింది. పక్కటెముకల మధ్య ప్రోబ్ ఆనించి చిన్నగా ఒక దెబ్బ కొడుతుంది. ఆ అల ఎంత వేగంగా లోపలికి వెళ్ళిందో అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టి గట్టిదనాన్ని కిలోపాస్కల్స్ అనే కొలతలో చెబుతుంది. పది సరైన కొలతలు తీసి మధ్యస్థం చూస్తారు. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1995లో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో రాజా ముత్తుపిళ్ళై, రిచర్డ్ ఎమన్ బృందం ఎమ్మారైలో ఈ అలల్ని నేరుగా బొమ్మ తీసి సైన్స్ పత్రికలో ప్రచురించింది. ఎమ్మారై పద్ధతిలో కాలేయం చాలా మేరకు కొలతకి అందుతుంది. ఫైబ్రోస్కాన్‌లో చిటికెన వేలంత మేర మాత్రమే.

ఫ్యాటీ లివర్‌లో 8 కిలోపాస్కల్స్ కంటే తక్కువ వస్తే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 12 దాటితే లివర్ డాక్టరు దగ్గరకి వెళ్ళి తీరాలి. మధ్యలో ఉంటే ఇంకో పరీక్ష కావాలి. పరీక్షకి ముందు మూడు గంటలు ఏమీ తినకూడదు. ఈ సంగతి చాలాచోట్ల చెప్పరు. కడుపునిండా టిఫిన్ చేసి వెళ్తే కాలేయంలోకి రక్తం ఎక్కువ వచ్చి అంకె పెరుగుతుంది. కామెర్లున్నప్పుడు, కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్జీపీటీ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు, గుండె బలహీనపడి రక్తం వెనక్కి నిలిచినప్పుడు కూడా అంకె దొంగగా పెరుగుతుంది.

మరి అందరూ ఫైబ్రోస్కాన్‌కి పరుగెత్తాలా? ముందు మీ బీరువాలో ఉన్న ఆ ఫైలే తెరవండి. అందులో మూడు అంకెలుంటాయి. కాలేయ పరీక్షల్లో ఎస్జీఓటీ, ఎస్జీపీటీ, ఇంకా రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లు. మీ వయసు మీకు తెలుసు. వయసుని ఎస్జీఓటీతో హెచ్చవేయండి. దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యతోనూ (వేలల్లో) ఎస్జీపీటీ వర్గమూలంతోనూ భాగించండి. దీన్ని ఫిబ్-4 అంటారు, 2006 నుంచి వాడుకలో ఉంది. ఉదాహరణకి 50 ఏళ్ళ మనిషి. ఎస్జీఓటీ 36, ఎస్జీపీటీ 36, ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు, అంటే లెక్కలో 250. పైన 50 ఇంటూ 36, 1800. కింద 250 ఇంటూ 6, 1500. ఫలితం 1.2. ఇది 1.3 కంటే తక్కువ, ప్రస్తుతానికి నిశ్చింత. ఇప్పుడు అదే వయసు మనిషి ఇంకొకరు. ఎస్జీఓటీ 60, ఎస్జీపీటీ 64, ప్లేట్‌లెట్లు లక్షన్నర. పైన 3000, కింద 150 ఇంటూ 8, 1200. ఫలితం 2.5. ఈయనకి గట్టిదనం కొలవాల్సిందే. 2.67 దాటితే నేరుగా లివర్ డాక్టరు దగ్గరికే. ఇద్దరి స్కాన్ రిపోర్టు మీదా గ్రేడ్ 1 అనే ఉండొచ్చు! ల్యాబు వాళ్ళు ప్లేట్‌లెట్లు లక్షన్నర అంటే నార్మల్ అనే రాస్తారు, కింద ఎర్రగీత ఉండదు. 65 దాటినవాళ్ళకి 1.3 బదులు 2 దాకా సరే అనుకోవచ్చు. 35 లోపు వాళ్ళకి ఈ లెక్క సరిగా పనిచేయదు.

ఒక కాగితం మీద ఇంత లెక్క చేయడానికి రెండు నిమిషాలు పట్టదు. అయినా మన దగ్గర ఎంతోమంది రిపోర్టుల్లో ఆ లెక్క ఎవరూ వేయలేదు. ప్రతి చెకప్ రిపోర్టులోనూ ‘ఫ్యాటీ లివర్’ అన్న మాట కింద ఫిబ్-4 అంకె తప్పనిసరిగా రాయాలని నేను కనబడ్డ డాక్టరుకల్లా చెబుతుంటాను. మీరూ అడగండి. రోగులు అడిగితే వస్తుంది.

వైద్యం గురించి రెండు ముక్కలు. బరువు 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది, 10 శాతం దాటితే చాలామందిలో మచ్చ కూడా కొంత వెనక్కి వెళ్తుంది. 10 శాతమంటే 80 కిలోల మనిషికి 8 కిలోలు. సన్నగా ఉన్నాం కదా అనుకోకండి, మన ఒంటి తీరుకి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చిన బరువు లెక్క, 23 దాటితే చాలు, అధిక బరువే. నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు.

ఇక సిర్రోసిస్ వచ్చేసినవాళ్ళ సంగతి. వీళ్ళలో కాలేయ కేన్సర్ వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి ఆరునెలలకొకసారి అల్ట్రాసౌండ్, దానితో కాలేయ కేన్సర్ జాడ చెప్పే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయించుకోవాలి. అందులో కొత్త గడ్డ కనబడితే మందు ఎక్కించి సీటీ గాని ఎమ్మారై గాని తీస్తాం. ఇక్కడ మా వృత్తిలో నాకు అత్యంత ఇష్టమైన విషయం ఉంది, కాస్త నిదానంగా చెప్పనివ్వండి.

కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. నాలుగింట మూడు వంతులు పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా, ఒక వంతు గుండె నుంచి నేరుగా ధమని ద్వారా. కాలేయ కేన్సర్ మాత్రం దాదాపు పూర్తిగా ధమని మీదే బతుకుతుంది. చేతి నరంలోకి సెకనుకి 3, 4 మిల్లీలీటర్ల చొప్పున అయోడిన్ మందు ఎక్కిస్తాం. రోగికి గొంతు నుంచి పొత్తికడుపు దాకా ఒక్కసారిగా వేడి పాకుతుంది. మందు ముందు ధమనిలోకి వస్తుంది. 35 సెకన్ల దగ్గర బొమ్మ తీస్తే కాలేయమంతా ఇంకా మసకగా ఉండగా కేన్సర్ గడ్డ ఒక్కటే వెలుగుతుంది. 70 సెకన్ల దగ్గర పోర్టల్ సిర నుంచి మందు వచ్చి కాలేయం మొత్తం వెలుగుతుంది, గడ్డ వెలవెలబోతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలకి తీస్తే చుట్టూ తెల్లటి కండ మధ్య గడ్డ నల్లగా, గుండ్రంగా మిగులుతుంది. వెలగడం, వెలవెలబోవడం, ఈ రెండూ కనబడి, సిర్రోసిస్ ఉన్న మనిషిలో గడ్డ 1 సెంటీమీటరు, అంతకు మించి ఉంటే ముక్క తీయకుండానే కేన్సర్ అని నిర్ధారించవచ్చు. ఒంట్లో మిగతా కేన్సర్లలో ముక్క తీయకుండా వైద్యం మొదలుపెట్టడం చాలా అరుదు. ఇక్కడ బొమ్మ మీద అంత నమ్మకం. ఆ నమ్మకం నిలబడాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2011లో లైరాడ్స్ అనే పద్ధతి తెచ్చింది. అందులో గడ్డకి ఒక అంకె ఇస్తారు. 1 అంటే ఖచ్చితంగా హాని లేని గడ్డ, 5 అంటే ఖచ్చితంగా కాలేయ కేన్సర్. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో కనబడ్డ గడ్డకి ఈ లెక్క వర్తించదు.

ఆ 35వ సెకను ఎంత విలువైనదో చూడండి. ఊపిరి సరిగా బిగపట్టకపోతే, సూది జారి మందు ఆలస్యమైతే, ఆ క్షణం పోతుంది. చాలామంది ‘సీటీ తీయించాం సార్’ అని పెద్ద కవరు చేతికిస్తారు. తెరిచి చూస్తే 70 సెకన్ల బొమ్మ ఒక్కటే ఉంటుంది. ఖర్చు తగ్గుతుందని ఒకే దశలో తీసి పంపేస్తారు. అందులో గడ్డ కాలేయంలో కలిసిపోయి అసలు కనబడకపోవచ్చు. తరువాత మళ్ళీ అంతా మొదటినుంచి తీయాలి, ఆ కుటుంబానికి ఖర్చు రెండింతలు. సిర్రోసిస్ ఉన్నవాళ్ళకి సీటీ రాయించుకునేటప్పుడు చీటీ మీద ‘అన్ని దశలూ’ అని ఉందో లేదో మీ డాక్టరుని అడిగి చూసుకోండి.

నా మాటలు ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (ఒక పెద్దాయన): నేను జీవితంలో మందు ముట్టలేదండీ, మాంసం తినను. నాకు ఫ్యాటీ లివర్ ఎందుకొచ్చింది?

మంచి ప్రశ్న బాబాయిగారూ. కాలేయంలో కొవ్వు మాంసం నుంచే రానక్కర్లేదు. అన్నం, ఇడ్లీ, తీపి, పళ్ళరసాలు ఒంటికి కావలసినదానికంటే ఎక్కువైతే కాలేయం ఆ చక్కెరని కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. మీకు షుగరుందా? ఉంది కదా. షుగరున్నవాళ్ళందరూ ఏడాదికో రెండేళ్ళకో ఫిబ్-4 లెక్క వేయించుకోవాలి, స్కాన్‌లో ఏమున్నా సరే.

ప్రశ్న (మరొకరు): స్కాన్‌కి మందు ఎక్కిస్తే కిడ్నీలు పాడవుతాయంటారు, నిజమేనా?

కిడ్నీలు బాగున్నవాళ్ళకి ఆ భయం అక్కర్లేదు. రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ నుంచి, కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ అనే అంకె లెక్కగడతారు. అది 30 కంటే తక్కువ ఉంటే జాగ్రత్త పడతాం, లాభనష్టాలు చూసి నిర్ణయిస్తాం. వెనకటి స్కాన్‌లో ఎలర్జీ వచ్చి ఉంటే మాత్రం తప్పకుండా ముందే చెప్పండి. చెప్పకుండా దాచేవాళ్ళున్నారు, స్కాన్ చేయరేమోనని.

ప్రశ్న (ఒక అమ్మగారు): మా ఇంట్లో కామెర్లకి నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇస్తాం. ఇక్కడివాళ్ళు కీళానెల్లి అంటారు. మా అబ్బాయికి హెపటైటిస్ బి ఉంది. అది వాడితే తగ్గుతుందా?

అమ్మా, ఈ ప్రశ్న ఈ ఊళ్ళోనే అడగాలి. 1988లో మద్రాసులో డాక్టర్ త్యాగరాజన్ బృందం నేల ఉసిరి మీదే లాన్సెట్‌లో వ్యాసం రాసింది. హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా ఆ వ్యాసానికి సహ రచయిత. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయిందని రాశారు. ప్రపంచమంతా ఆశపడింది. కానీ తరువాత వేరేచోట్ల చేసినవాళ్ళకి ఆ ఫలితం రాలేదు. ఇప్పుడు వైరస్‌ని అణిచిపెట్టే మంచి మాత్రలున్నాయి, అవసరమైతే లివర్ డాక్టరు రాస్తారు. మీ ఇంట్లో మిగతావాళ్ళందరికీ పరీక్ష చేయించి టీకా వేయించండి. ఆ టీకాని మన దేశంలో మొదట తయారుచేసింది మన హైదరాబాద్‌లో, వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్, 1997లో. అంతవరకు దిగుమతి టీకా కొనగలిగినవాళ్ళు ఎంతమందని! మీ అబ్బాయి వయసెంతమ్మా? నలభై రెండా. హెపటైటిస్ బి ఉన్న మన ఆసియా మగవాళ్ళు నలభై దాటితే సిర్రోసిస్ లేకపోయినా ఆరునెలలకొకసారి స్కాన్ చేయించుకోవాలి. చివరిసారి ఎప్పుడు చేయించారు? గుర్తులేదంటే చాలాకాలమే అయింది. సోమవారం పొద్దున ఏమీ తిననివ్వకుండా తీసుకురండి. పాత రిపోర్టులు ఎన్ని ఉంటే అన్నీ తీసుకురావాలి, సీడీలతో సహా.